‘నా కళ్ళతో చూసినానప్పా’: బళ్ళారికి ఒక హెచ్చరిక

పిల్లల దొంగల పుకారు ఎప్పుడొచ్చినా దాదాపు ఒకే తోవలో వస్తుంది. మొదటి రోజు ఫోన్లో ఒక వీడియో. రెండో రోజు పక్క ఊరి పేరు చెప్పి భయపెట్టే ఆడియో. మూడో రోజు మన వీధిలోనే ఒకాయన: ‘నా కళ్ళతో చూసినానప్పా. మోకా రోడ్డులో, బండి మీద ఇద్దరు. వెనకోడి చేతిలో గోనెసంచి.’ వీడియో ఎవరు పంపారో పోలీసులు వెతకగలరు. ఆడియో ఎక్కడ పుట్టిందో ఆరా తీయగలరు. ఈ మూడో మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఆయన మనకు తెలిసినవాడు, అబద్ధాలాడే రకం కాదు. కనకదుర్గమ్మ గుడి ముందు నిలబెట్టి అడిగినా అదే మాట చెప్తాడు. గుంపు కదిలేది ఆయన మాట మీదే.

ఆయన చూసిన మాట నిజమే కావచ్చు. ఎక్కడ చూశాడో ఆయనకే తెలియదు. రోడ్డు మీద చూశాడా, ఫోన్లో చూశాడా, ఎవరో చెప్తుంటే కళ్ళ ముందు ఊహించుకున్నాడా? ఈ మూడూ ఆయన లోపల కలిసిపోయాయి. ఇలాంటి కలగాపులగం మీద మనుషుల ప్రాణాలు పోయాయి. పుకారు మళ్ళీ లేచేదాకా ఆగకుండా బళ్ళారి ఇప్పుడే జాగ్రత్త పడాలని ఈ మాటలు రాస్తున్నాం.

2018 వేసవి గుర్తుందా? మే నెలలో ‘పార్థీ ముఠా’ దిగిందన్న ప్రచారం తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో పాకింది. అదే నెల 23న బెంగళూరు చామరాజపేటలో, రాజస్థాన్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన 26 ఏళ్ళ కుర్రాణ్ణి కట్టేసి కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో రంజాన్ రోజుల్లో అడుక్కోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడులో, సంత జరిగే ఊళ్ళో, ఐదుగురు సంచారులను పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టి చంపారు. జూలై 13న మన రాష్ట్రంలోనే, బీదర్ జిల్లా ముర్కి దగ్గర, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బలైపోయాడు. ఆయనా, ఆయన స్నేహితులూ చేసిందల్లా దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే. దక్షిణాన బెంగళూరు, ఉత్తరాన బీదర్, తూర్పున తెలుగు జిల్లాలు. వీటన్నిటికీ నడుమన ఉన్నాం మనం.

ఆ రోజుల్లో చేతులు మారిన వీడియోల్లో ఒకదాని కథ అందరికీ తెలియాలి. వీధిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి బైకు మీద ఇద్దరు వస్తారు. వెనక కూర్చున్నవాడు ఒక పిల్లాణ్ణి ఎత్తుకుంటాడు, బైకు వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళకు గుండె ఆగినంత పనైంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ పిల్లల భద్రత కోసం తయారు చేయించిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెంటనే తిరిగి వస్తారు, పిల్లాణ్ణి దింపుతారు, జాగ్రత్త చెప్పే పలక ఒకటి చూపిస్తారు. మన ఫోన్లకు చేరేలోపే ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించేశారు. మోకా రోడ్డులో ‘బండి మీద ఇద్దరు’ ఎక్కడి నుంచి వచ్చి ఉంటారో ఇప్పుడు ఆలోచించండి.

మనసు ఇలా ఎందుకు పొరబడుతుందో మనస్తత్వ శాస్త్రం నలభై ఏళ్ళకు పైగా వెతుకుతోంది. అమెరికాలో మార్షియా జాన్సన్, కరోల్ రే 1981లో దీనికొక వివరణ ఇచ్చారు. తర్వాతి పరిశోధన చాలావరకు దాని మీదే నిలిచింది. జ్ఞాపకంలో విషయం ఉంటుంది గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న గుర్తు దానికి అతుక్కుని ఉండదు. గుర్తొచ్చిన క్షణంలో మనసు దాన్ని తడిమి చూస్తుంది. రంగు, శబ్దం, వెలుతురు, చోటు స్పష్టంగా తోస్తే ‘ఇది చూసింది’ అంటుంది. మసకగా ఉంటే ‘ఇది అనుకున్నది’ అంటుంది. మన ఊరి జీన్స్ కార్ఖానాల్లో పనిచేసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ప్యాంటు కుట్టడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, దాని మీద ఏ కంపెనీ పేరు పడాలన్నది చివర్లో తేలుతుంది. గట్టిగా, వివరంగా, భయంతో ఊహించుకున్న బొమ్మకు రంగూ ఉంటుంది, శబ్దమూ ఉంటుంది. అందుకే దాని మీద ‘చూసింది’ అన్న పేరు పడిపోతుంది.

ప్రయోగాలు చెప్పేదీ ఇదే. 1996లో మేరియాన్ గ్యారీ, ఎలిజబెత్ లోఫ్టస్, వాళ్ళ సహచరులు కొందరు పెద్దవాళ్ళను, చిన్నప్పుడు చేత్తో కిటికీ అద్దం పగలగొట్టడం లాంటి ఘటనలను కాసేపు కళ్ళకు కట్టినట్టు ఊహించుకోమన్నారు. ఊహించుకున్నాక, అది తమకు నిజంగానే జరిగి ఉంటుందన్న నమ్మకం పెరిగింది. ఎవరూ వాళ్ళను బెదిరించలేదు, నమ్మించనూ లేదు. 2004లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు మెదడు స్కానింగ్ చేస్తూ, కొన్ని వస్తువుల ఫొటోలు చూపించారు, మరికొన్నిటిని పేరు చెప్పి ఊహించుకోమన్నారు. ఊహించుకునేటప్పుడు మెదడులో దృశ్యాలకు సంబంధించిన భాగాలు ఎంత చురుగ్గా ఉంటే, ఆ వస్తువు ఫొటో చూశామని తర్వాత పొరబడడం అంత ఎక్కువగా జరిగింది.

అందరికంటే బాగా చెప్పింది డచ్చివాళ్ళు. 1992 అక్టోబర్ 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సరకు రవాణా విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలిన క్షణాన్ని ఎవరూ చిత్రీకరించలేదు. తర్వాత టీవీలో చూపించిందంతా మంటలు, శిథిలాలు, ఏడుపులు. కొన్ని నెలలయ్యాక హాన్స్ క్రోంబాగ్ బృందం, ‘విమానం భవనాన్ని గుద్దుకున్న దృశ్యం టీవీలో చూశారా?’ అని అడిగింది. 193 మందిలో 107 మంది చూశామన్నారు. లా చదివే విద్యార్థులను అడిగితే అవునన్నవాళ్ళు ఇంకా ఎక్కువ, మూడింట రెండు వంతులు. సాక్ష్యం విలువ తెలిసి ఉండాల్సినవాళ్ళు! లేని దృశ్యాన్ని వాళ్ళు వార్తలు విని, శిథిలాలు చూసి తమ లోపలే గీసుకున్నారు. తర్వాత దాన్ని టీవీ ఖాతాలో వేశారు. అడిగిన ప్రశ్నలోనే ఆ దృశ్యం ఉంది చూడండి. ‘చూశారా?’ అన్న మాటే బొమ్మ గీయడం మొదలుపెడుతుంది.

మన తెలుగు, కన్నడ వార్తా ఛానెళ్ళకు ఇక్కడే ఒక మాట. నేరం ఏదైనా జరిగితే గంటలోపే నటులతోనో, కంప్యూటర్ బొమ్మలతోనో దాన్ని ‘పునఃసృష్టించి’ రాత్రంతా తిప్పుతున్నారు. అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ‘ఊహాచిత్రం’ అని వేస్తారు. ఆ చిన్న అక్షరాలు మర్నాటికి ఎవరికీ గుర్తుండవు. ముసుగు మనిషి, సందు మలుపు, సంచి మాత్రం ఉండిపోతాయి. పిల్లల అపహరణ వార్తలకైనా ఈ పని మానేయమని అడుగుతున్నాం. ఛానెళ్ళు వినకపోతే చూసేవాళ్ళు ఆపేయాలి.

బళ్ళారికి మామూలు ఊళ్ళకు లేని చిక్కొకటి ఉంది. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయినా, మాట మాత్రం గీత దాటి తిరుగుతూనే ఉంది. పొద్దున ఫోన్లో కన్నడలో చదివిన ‘మక్కళ కళ్ళరు’ టీ బండి దగ్గర తెలుగులో ‘పిల్లల దొంగలు’ అవుతారు, కౌల్‌బజార్లో ఉర్దూలో వినిపిస్తారు, సాయంత్రం బస్సెక్కి గుంతకల్లుకో ఆలూరుకో పోతారు. మరునాడు అదే మాట ‘ఆంధ్రావాళ్ళు కూడా చూసినారంట’ అని మన దగ్గరికే తిరిగొస్తుంది. ఒక్క మాట ఊరు చుట్టి వచ్చి రెండో సాక్షి అయిపోతుంది. 2018 జూలైలో వాట్సాప్ ఫార్వర్డ్ సందేశాల మీద గుర్తు వేయడం మొదలుపెట్టింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. మంచిదే. నోటితో ఇంకో భాషలో చెప్పిన మాటకు ఆ గుర్తూ లేదు, ఆ కట్టడీ లేదు. రెండు మూడు భాషలు వచ్చినందుకు మనం గర్వపడుతుంటాం. పుకారుకు అది మూడు తలుపులున్న ఇల్లు దొరికినట్టే.

దెబ్బలు తినేది ఎవరో ముందే తెలుసు. తోరణగల్లు ఉక్కు కర్మాగారం చుట్టుపక్కల ఉత్తరాది నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు. మన మూడు భాషల్లో ఏదీ సరిగా రాక, ‘నీ పేరేంది, ఏ ఊరు’ అని గుంపు అడిగితే తడబడతారు, ఆ తడబాటే నేరం ఒప్పుకోలు అయిపోతుంది. మతి స్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవాళ్ళు. దుప్పట్లు, బొమ్మలు అమ్ముకునేవాళ్ళు. అందరికంటే ముందు సంచార జాతులు. వాళ్ళలో చాలామంది ఇంటి భాష తెలుగే. సండూరు తాలూకా దరోజికి చెందిన బుర్రకథ ఈరమ్మ అలాంటి బుడగజంగాల ఇంట పుట్టింది. అక్షరం రాకపోయినా పన్నెండు జానపద కావ్యాలు నోటికి ఉంచుకుంది. కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ పురస్కారం ఇచ్చింది, 2014లో ఆమె పోయినప్పుడు రాష్ట్రమంతా నివాళి అర్పించింది. ఆమె బిరుదుల పేర్లు బడిపిల్లలకు నేర్పుతూనే, ఆమె కులం మనిషి భుజాన జోలెతో కొత్త ఊళ్ళోకి వస్తే అనుమానంగా చూస్తాం. మన ఊహలో ‘పిల్లల దొంగ’కు ఒక రూపం ముందే ఉంది: మాసిన బట్టలు, సంచి, పరాయి యాస. రోడ్డు మీద సంచి లేని మనిషిని చూసినా, రాత్రికి ఆ జ్ఞాపకంలో సంచి వచ్చి చేరుతుంది.

ముఖాల విషయంలో ఆస్ట్రేలియాలో 1970ల్లో జరిగిన సంఘటన ఒకటి చెప్పుకోవాలి. డొనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వవేత్త మీద అత్యాచార ఆరోపణ వచ్చింది. బాధితురాలు ఆయన ముఖాన్ని గట్టిగా గుర్తుపట్టింది. అదే సమయానికి ఆయన టీవీ స్టూడియోలో ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడుతున్నాడు. దాడి జరుగుతున్నప్పుడు ఆమె ఇంట్లో ఆ టీవీ నడుస్తోంది. తెర మీది ముఖం నేరస్తుడి ముఖం మీద వచ్చి కూర్చుంది. ఆమెకు జరిగిన దారుణం నిజం, ఆమె బాధ నిజం, ముఖం ఒక్కటే వేరే చోటి నుంచి వచ్చింది. విచిత్రమేమంటే, థామ్సన్ పనిచేసే రంగం సాక్షుల జ్ఞాపకాలే.

అందుకని అనుమానితుడి ఫొటో గ్రూపుల్లో తిప్పకండి. దర్యాప్తు దశలోనే మేజిస్ట్రేటు సమక్షంలో గుర్తింపు కవాతు జరుగుతుంది. అప్పటికే ఆ ఫొటో వందసార్లు చూసిన సాక్షి వరసలో నిలబడ్డవాళ్ళలోంచి ఎవరిని గుర్తుపడతాడు, సందులో చూసిన మనిషినా, ఫోన్లో చూసిన మనిషినా? ఫొటో ముందే చూపించారని తేలితే కోర్టులో ఆ కవాతుకు విలువ పోతుంది. నిజమైన నేరస్తుడు బయటపడేందుకు మనమే దారి వేసినవాళ్ళమవుతాం. పోలీసు స్టేషన్ల నుంచే ఇలాంటి ఫొటోలు పాత్రికేయులకు అందుతున్న సందర్భాలున్నాయి. జిల్లా ఎస్పీ దీన్ని ఆపాలి.

ఇక పిల్లలు. ఈ విషయంలో తల్లిదండ్రులు మరీ జాగ్రత్తగా ఉండాలి. 1994లో స్టీఫెన్ సీసీ బృందం బడి ఈడు రాని పిల్లలను వారం వారం పిలిచి, కొన్ని జరిగిన సంగతులతోపాటు, ఎన్నడూ జరగనివి కూడా అడిగింది: ‘బాగా ఆలోచించు, ఎలుకల బోనులో నీ వేలు పడి ఆసుపత్రికి పోయావా?’ పది వారాలయ్యేసరికి సగానికి పైగా పిల్లలు జరగని సంగతి ఏదో ఒకటి జరిగినట్టు చెప్పారు. ఎవరు తోడొచ్చారు, ఎలా వెళ్ళారు, ఏ వేలు, అన్నీ వివరంగా. ఆ వీడియోలు నిపుణులకు చూపిస్తే, ఏది నిజమో ఏది కాదో వాళ్ళూ తేల్చలేకపోయారు. ఇప్పుడు మన ఇళ్ళలో జరిగేది చూడండి. బడి నుంచి పాప ఆలస్యంగా వచ్చింది. ‘ఎవరైనా పిలిచినారా? చాక్లెట్ ఇచ్చినారా? నల్ల బండా? మీసాలున్నాయా?’ అమ్మ అడుగుతుంది, అవ్వ అడుగుతుంది, ఎదురింటావిడ అడుగుతుంది. మొదటిసారి పాప తల అడ్డంగా ఊపుతుంది. నాలుగోసారికి మీసాలు వస్తాయి. పాపను తిట్టి లాభం లేదు, ఆ మీసాలు మనం పెట్టినవి. ‘ఏం జరిగిందో చెప్పు తల్లీ’ అని ఒక్కసారి అడిగి, చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసుకోండి. తేదీ, వేళ వేయండి. తర్వాత ప్రశ్నలు అడగడం శిక్షణ ఉన్నవాళ్ళ పని.

ఇదంతా చదివి ‘పిల్లలు చెప్పేదంతా ఊహే’ అని ఎవరైనా అనుకుంటే అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. జ్ఞాపకం అంచుల దగ్గర పొరబడుతుంది, నడుమ ఉన్న గాయాన్ని చాలాసార్లు సరిగానే పట్టుకుని ఉంటుంది. పిల్ల ఏదైనా చెడు జరిగిందని చెప్తే నమ్మి, 1098కి ఫోన్ చేయండి. పిల్ల కనబడకపోతే వెంటనే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో చెప్పింది. ‘రేపటిదాకా చూద్దాం’ అని స్టేషన్లో ఎవరైనా అంటే ఆ తీర్పు పేరు చెప్పండి. పిల్లలు తప్పిపోవడం నిజం. వీధిలో గుంపు దానికి మందు కాదు.

పరిస్థితి ఇప్పుడు 2018 కంటే గడ్డుగా ఉంది. అప్పుడు కరాచీ నుంచి వీడియో తెచ్చి కత్తిరించాల్సి వచ్చింది. ఇవాళ రాయల్ సర్కిల్‌ను నేపథ్యంలో పెట్టి, లేని మనిషి చేత లేని పిల్లను ఎత్తించే వీడియోను కృత్రిమ మేధ నిమిషాల్లో తయారు చేస్తుంది. 2024లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు లోఫ్టస్‌తో కలిసి 200 మంది మీద పరీక్షించారు. కృత్రిమ మేధతో మార్చిన ఫొటోలను వీడియోలుగా చేసి చూపించినప్పుడు, అసలు ఫొటోలే చూసినవాళ్ళతో పోలిస్తే తప్పుడు జ్ఞాపకాలు రెండింతలయ్యాయి. తెలిసిన సర్కిల్, తెలిసిన దుకాణం బోర్డు కనిపించాక ఇక ‘ఇది మన ఊరే’ అన్న మాటకు తిరుగుండదు.

ఏం చేయవచ్చో మనకు దగ్గరలోనే ఒక దారి కనిపించింది. 2018లో, కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ ఒక పోలీసును కేటాయించారు. మండువేసవిలో ఆరుబయట పడుకోవాల్సిన జనం చీకటి పడగానే తలుపులు వేసుకుంటున్నారని ఆ పోలీసులే మొదట గమనించారు. ఎందుకని అడిగితే ఫోన్లలోని వీడియోలు బయటపడ్డాయి. ఆమె ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. డప్పు వేయించి, పాటగాళ్ళను పంపి, ఊళ్ళవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులను చేర్చి, ఇంటింటికీ చెప్పించారు. ఆమె పరిధిలోని దాదాపు 400 ఊళ్ళలో ఆ వేసవిలో ఒక్క ప్రాణం పోలేదు. బళ్ళారి జిల్లా యంత్రాంగం ఈ పనిని కన్నడ, తెలుగు, ఉర్దూల్లో, అనంతపురం, కర్నూలు పోలీసులతో కలిసి చేయాలి. గీతకు ఇటువైపు ఒక్కటే చేస్తే మాట అటునుంచి తిరిగొస్తుంది. తోరణగల్లు కార్మికుల బసలకూ, సంచారుల గుడారాలకూ బీట్ పోలీసు ఎవరో, నంబరేమిటో ముందే తెలిసి ఉండాలి.

పుకారు లేచిన రోజున ‘నేను చూసినా’ అన్న మనిషిని అబద్ధాలకోరు అనకండి, ఆయన ఇంకా పట్టుబడతాడు. పక్కకు తీసుకుపోయి నెమ్మదిగా అడగండి: నువ్వెక్కడ నిలబడి ఉన్నావు, ఎంత దూరం, వెలుతురు ఎలా ఉంది, అప్పుడు నీతో ఎవరున్నారు, దీని గురించి ఫోన్లో అంతకుముందే ఏమైనా చూశావా? చోటూ వేళా అడిగినప్పుడు నిజంగా చూసినవాడికి తన కాళ్ళ కింది నేల గుర్తొస్తుంది. ఫోన్లో చూసినవాడు ఆగిపోతాడు, చాలామంది అక్కడే ‘ఏమో, ఎవరో చెప్పినారేమో’ అంటారు. వీడియో వస్తే ఇంకొకరికి పంపకుండా పోలీసులకు చూపించండి. అబద్ధపు భయాన్ని వ్యాపింపజేయడం భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద నేరం. గ్రూపు అడ్మిన్లు రెండు రోజులు పోస్టులు ఆపేసినా నష్టం లేదు.

గుంపు అప్పటికే చేరి ఉంటే, మధ్యలో ఎవరో నేల మీద పడి ఉంటే, వాదనలకు దిగకండి. 112కు ఫోన్ చేసి సర్కిల్ పేరో, ఊరి పేరో, గుర్తుగా దుకాణం పేరో చెప్పండి. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళను, వీలైతే ఆడవాళ్ళను పిలిచి ఆ మనిషి చుట్టూ నిలబడమనండి. లోపల కూర్చోబెట్టే గది దగ్గర్లో ఉంటే అందులో పెట్టి వదిలేయకండి. రైన్‌పాడులో ఐదుగురూ పోయింది అలాంటి గదిలోనే. తలుపు బయట మనిషి ఉండాలి, పోలీసు జీపు వచ్చేదాకా ఉండాలి. ఫోన్లు ఎత్తి వీడియో తీసేవాళ్ళను, ఆ ఫోనుతోనే ఇంకొకసారి 112 కొట్టమనండి.